కడలిపై కావలి

బాపట్ల పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక తీరము కలదు. సెలవు దినములలో దూరప్రాంతములనుండి వచ్చు జనులు అచ్చట సముద్రమును చూచి, కెరటములలో స్నానము చేసి, సంతోషముతో మరలిపోవుదురు. ఆ యొడ్డుననే పుట్టి పెరిగిన జాలరుల చూపు వేరు. నీటిరంగు మారినచోట చేపలగుంపు గలదని వారెరుగుదురు. పక్షులు ముసిరినచోటికి పడవను మరల్చుదురు. కనుచూపుమేరలో నొక నల్లని చుక్క కానవచ్చినచో, అది యెవరి పడవయో, వల వేసియున్నదో, వల లాగుచున్నదో, ఒడ్డునకు మరలినదో, మనము కన్నులు చికిలించుకొని చూచుచుండగనే వారు చెప్పివేయుదురు. ఆ చూపును నేర్చుకొనుటయే నేటి నా ప్రసంగమునకు విషయము. అది లేకపోవుటచే సముద్రముమీద ప్రాణములు పోయినవి. అది యుండుటచే నిలిచినవి.

నేను ఈ ప్రాంతమువాడను. ఇరువదియారేండ్లు సరకు ఓడలలో కొలువు చేసి, ఛీఫ్ ఆఫీసరుగా నుండగా మోకాళ్ళనొప్పిచే విరమించుకొని యింటికి వచ్చితిని. ఓడలలోను యాట్లలోను ఉద్యోగములకు పోదలచిన కుర్రవాండ్రు కొందరు నాయొద్దకు వచ్చుచుందురు. సముద్రపు దొంగలు వెంటబడినపుడు తప్పించుకొనుట యెట్లో వారికి నాకు తెలిసినంతవరకు నేర్పుచుందును. దీనికొక భవనము లేదు, బోర్డు లేదు. వేసవిలో తెల్లవారుజామున, కెరటములు తగ్గియున్న వేళ, ఒక మరబోటును రెండు చిన్న ఫైబరు పడవలును ఉన్న చాలును.

యాట్ అను మాట కొందరికి క్రొత్త కావచ్చును. తెరచాపలతోను చిన్న యంత్రముతోను నడచు విహారనౌకకు ఆ పేరు. నలుగురైదుగురు మనుష్యులు అందులోనే వండుకొని, అందులోనే నిద్రించి, ఖండములు దాటి పోవుదురు. మన నౌకాదళమువారి 'తారిణి' అట్టి జాతిదే. దాని పొడవు సుమారు 55 అడుగులు. 2017 సెప్టెంబరులో ఆరుగురు స్త్రీలు దాని నెక్కి గోవానుండి బయలుదేరి, భూగోళమును చుట్టి, 2018 మే నెలలో మరల గోవా చేరిరి. ఆ యార్గురిలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య అను ఇద్దరు తెలుగు ఆడపడుచులు గలరు. కాబట్టి యాట్ మనకు సంబంధములేని దొరల విలాసమని యిక నెవ్వరును అనజాలరు.

సముద్రపు దొంగలు కథలలోనివారు కదా, ఈ కాలమున నెక్కడివారని నన్నడుగువారు గలరు. ఈ వృత్తి మిక్కిలి పాతది. పదమూడవ శతాబ్దాంతమున మన మోటుపల్లి ప్రాంతమును వర్ణించిన మార్కో పోలో, మలబారు గుజరాతు తీరముల దొంగలను గూర్చియు వ్రాసియున్నాడు. ఇరువది ముప్పది పడవలవారు, పడవకు పడవకు అయిదారు మైళ్ళ యెడముంచుకొని, నూరు మైళ్ళ సముద్రమును ఆవరించి నిలిచెదరట. ఎవనికి సరకు ఓడ కనబడినను వాడు మంటచేతనో పొగచేతనో ప్రక్కవానికి సైగ చేయునట. అంతట అందరును కూడి మీద బడుదురట. ఈ వర్ణనలో కత్తికంటె కంటికే యెక్కువ పని గలదని గమనింపుడు. దొంగ కావలి కాయుచున్నాడు. కావలి కాయని ఓడ వాని పాలబడుచున్నది. ఏడువందల యేండ్లు గడచినను ఈ లెక్క మారలేదు.

మన తరములో 2008 మొదలుకొని సోమాలియా తీరపు దొంగలు ఏడెన్ సింధుశాఖయందును, అరేబియా సముద్రమునందును ఓడలను పట్టసాగిరి. 2011 ఒక్క సంవత్సరముననే వారు చేసిన, చేయబోయిన దాడులు 237 అని ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో లెక్కకట్టినది. 2010 సెప్టెంబరులో పట్టుబడిన 'ఆస్ఫాల్ట్ వెంచర్' అను ఓడలోని భారతీయ నావికులలో ఏడుగురిని, సొమ్ము ముట్టిన పిమ్మటను విడువక, 2014 అక్టోబరు వరకు దొంగలు బందీలుగా నుంచుకొనిరి. నాలుగేండ్లు! ఇంటివద్ద పసిబిడ్డగా విడిచిపోయిన కుమారుడు ఆ కాలములో బడికి పోవు ఈడువాడగును. తరువాత నానాదేశముల యుద్ధనౌకలు కాపలా తిరుగుటచేతను, ఓడలవారు మేలుకొనుటచేతను దాడులు మిక్కిలి తగ్గినవి. మన నౌకాదళము 2008 అక్టోబరునుండియు ఏడెన్ సింధుశాఖలో కాపలా యుంచినది. కాని 2023 చివర ఆ తెగులు మరల తలయెత్తినది. ఆ డిసెంబరులో పట్టుబడిన 'రూయెన్' అను ఓడను, 2024 మార్చిలో మన 'ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా' వెంబడించి, 35 మంది దొంగలను లొంగదీసి, 17 మంది నావికులను ప్రాణములతో విడిపించినది. తగ్గినది గదా యని తలుపు తెరచి నిద్రించుటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది.

పెద్ద ఓడల సంగతి యటుండనిండు. యాట్ మీదివారి కష్టము వేరు. 2009 ఏప్రిలులో 'తానిత్' అను ఫ్రెంచి యాట్‌ను దొంగలు పట్టిరి. సైనికులు విడిపించునపుడు జరిగిన కాల్పులలో దాని యజమాని మరణించెను. ఆ యేడే అక్టోబరులో 'లిన్ రైవల్' అను యాట్‌మీద సీషెల్సునుండి బయలుదేరిన ఆంగ్లదంపతులు పట్టుబడి పదమూడు నెలలు చెరలో మ్రగ్గిరి. 2011 ఫిబ్రవరిలో 'క్వెస్ట్' అను యాట్‌మీది నలుగురు అమెరికనులును, యుద్ధనౌకలు చుట్టును ఉండగనే, దొంగలచేత చంపబడిరి. ఈ మూడు యుదంతములను నేను కుర్రవాండ్రకు మొదటినాడే చెప్పెదను. భయపెట్టుటకు కాదు. సహాయము దగ్గరనున్నను, దొంగ ఒకసారి మెట్టెక్కిన పిమ్మట దాని బలము సగమైపోవునని తెలియుటకు.

ఇక లెక్క చూడుడు. గంటకు ఒక సముద్రపు మైలు, అనగా 1,852 మీటర్లు, పోవు వేగమును ఒక నాట్ అందురు. యాట్ సాధారణముగా ఆరు నాట్ల వేగముతో పోవును. దొంగల చిన్నపడవకు ఇరువదియైదు నాట్ల వేగము గలదు. ఇంక చూపు సంగతి. భూమి గుండ్రముగా నుండుటచే, నీటికి రెండు మీటర్ల యెత్తున కన్ను గలవానికి క్షితిజరేఖ మూడు మైళ్ళ దూరముననే యుండును. నీటికి అంటిపెట్టుకొని వచ్చు చిన్నపడవ ఆ గీత దాటి వచ్చినపుడుగాని చక్కగా కనబడదు. వెనుకనుండి తరుముకొనివచ్చు పడవ మూడు మైళ్ళు కలుపుకొనుటకు పది నిమిషములు కూడ పట్టదు. వేరుమాటలలో, కావలివాడు రెప్పవాల్పక చూచినప్పటికిని యాట్‌వారికి దక్కునది పది నిమిషములు. వాడు టీ కాచుకొనుటకు లోనికి పోయినచో, దక్కునది ఏమియు లేదు. శిక్షణమంతయు ఆ పది నిమిషములకొరకే.

మొదటి పాఠము మాత్రము ఆ పది నిమిషములకు ముందే యున్నది. అదేమనగా, దొంగలున్న దారిని పోకుండుట. తప్పించుకొనుటలలోకెల్ల నిది యుత్తమము. 2011లో ఆ మరణముల పిమ్మట అనేకులు యాట్‌లు నడపుకొనిపోవుట మాని, వానిని పెద్ద ఓడలమీద సరకువలె నెక్కించి మధ్యధరా సముద్రమునకు పంపిరి. కొందరు ఆఫ్రికా దక్షిణాగ్రము చుట్టి పోయిరి. అది పిరికితనమని నవ్విన కుర్రవానికి నే నొకటే చెప్పుదును. సూర్యలంకయందు వైమానికదళమువారు క్షిపణులు ప్రయోగించు దినమున, సముద్రములోనికి పోరాదని హెచ్చరిక వచ్చినచో, మీ తండ్రి వల భుజమున వేసికొని పౌరుషమునకు పోవునా? ఇంటనే యుండి వల బాగుచేసికొనును. ఆనాటి చేప రేపటికి నుండును.

పోకతప్పనిచో, ఋతువు నెంచుకొనవలెను. నైరుతి ఋతుపవనము బలముగా వీచునపుడు చిన్నపడవలు నిలువలేవు. గాలి తగ్గిన నెలలలోనే దొంగలకు పని. బయలుదేరుటకు ముందే యే దారిని, యే వేగముతో, ఎందరము పోవుచున్నామో కాపలా కార్యాలయములకు తెలియజేయవలెను. పడమటి హిందూ మహాసముద్రమున ఈ పనికి ఆంగ్లేయుల నౌకాదళమువారు నడపు కార్యాలయ మొకటి గలదు. మన దేశమున గురుగ్రామమందు 2018లో స్థాపించిన సమాచారకేంద్రము కలదు. ఎవ్వరికిని చెప్పక పోయినవానిని ఎవ్వరును వెదకరు.

ఇప్పుడు మా అభ్యాసమును గూర్చి చెప్పెదను. సూర్యలంకయందు తీరరక్షణకై యేర్పడిన పోలీసు ఠాణా కలదు. అచ్చట ముందుగా తెలియజేసి, ఒక మరబోటును యాట్ అనుకొని అందు ఆరుగురు కుర్రవాండ్ర నెక్కించితిమి. దొంగల పాత్రకు ఒక వృద్ధ సరంగును బ్రతిమాలితిని. ఆయనకు అరువదియైదేండ్లు పైబడినవి. "నన్ను దొంగను చేస్తావా బాబూ!" యని నవ్వి యొప్పుకొనెను. కుర్రవాండ్రు ఆయనను తాతా యనుచుందురు. తాత మనలను పట్టుట యేమి లెమ్మని వారి ధీమా.

మొదటినాడు వారందరును నాలుగుదిక్కుల చూచుచునే యుండిరి. అయినను తాత పడవ వచ్చి మరబోటు ప్రక్కను తాకువరకు నొక్కడును కానలేదు. మా తీరమున సూర్యుడు సముద్రమునుండి యుదయించును గదా. నీటిమీద పరచుకొన్న ఆ బంగారు త్రోవలో, సూటిగా సూర్యుని క్రిందుగా ఆయన వచ్చెను. "ఎండ కళ్ళలో పడితే మొహం తిప్పుకుంటారు గదరా, ఆ తిప్పుకున్న చోటునించే వచ్చా" ననెను. నిజముగా ఏడెన్ సింధుశాఖలోని దొంగలును ఉషఃకాలమునందును సంధ్యాకాలమునందును వచ్చుటకే ఇష్టపడుదురు, వెనుకవైపునుండి వత్తురు. తాత ఆ పుస్తకములు చదువలేదు.

రెండవనాడు ఎండవైపునకు ఒకని నిలిపితిమి. ఆనాడు రెండు పడవలు వచ్చినవి. ముందువైపున ఒక పడవలోని వారు కేకలు వేయుచు, గుడ్డలు విసరుచు గొడవ చేసిరి. ఆరుగురి కన్నులును అటే పోయినవి. తాత రెండవ పడవతో వెనుకనుండి నిశ్శబ్దముగా వచ్చి చేరెను. కావలివానికి ఒక దిక్కు కేటాయించినచో ఆకాశము విరిగిపడినను వాడా దిక్కును విడువరాదని వారు ఆనాడు నేర్చికొనిరి.

పది నిమిషములలో నెవరి పని యేమో ముందే పంచియుంచితిమి. చూచినవాడు కేకవేయవలెను, ఒకడు యంత్రము నడపి, పడవలు వెనుకబడునట్లును, అలలు ఎక్కువగానున్నవైపునకును చుక్కాని మరల్చవలెను, ఒకడు రేడియోలో పదునారవ ఛానెలుమీద చెప్పవలెను, ఒకడు ఉపగ్రహమునకు ఆపద సంకేతము నంపు పెట్టెను సిద్ధము చేయవలెను, తక్కినవారు పైన నిలువక లోపలికి పోవలెను. వినుటకు సులభముగనే యుండును. రేడియో పట్టుకొన్న కుర్రవాడు మూడుసార్లు "దొంగలు! దొంగలు!" అని యరచెను. తన పడవ పేరు చెప్పలేదు. ఎక్కడ నున్నదో చెప్పలేదు. వినువానికి దొంగలున్నారని తెలిసినది గాని, వారున్నచోటు తెలియలేదు. అందుచే ఇప్పుడు వారికి నాలుగు మాటలు సంధ్యావందనమువలె వల్లెవేయించుచున్నాను: పేరు, చోటు, ఎందరము, ఏమి చూచితిమి. భయమున బుద్ధి పనిచేయదు; వల్లెవేసిన నాలుక పనిచేయును.

మూడవనాడు జరిగినది అభ్యాసములో లేనిది. ఆనాడు తాత యింకను ఒడ్డు విడువలేదు. మా మరబోటునకు ఎడమవైపునుండి ఒక ఫైబరు పడవ వేగముగా వచ్చుచుండెను. అందు నలుగురు నిలువబడి చేతులూపుచుండిరి. కుర్రవాండ్రు చక్కగా కేకవేసిరి, చక్కగా చుక్కాని మరల్చిరి. రెండు దినముల యవమానము తీరినట్లు వారి ముఖములు వెలిగినవి. కాని ఆ వచ్చినవారు మా దొంగలు కారు. వేరొక పల్లెవారు. మేము మరల్చిన దిక్కుననే వారి వల పరచియున్నది. మా మరబోటు చక్రము దానిని కోసివేయునేమోనని హెచ్చరించుటకు వచ్చిరి. "దొంగలూ దొంగలూ అంటన్నారేంటి? మా వల మీద కెక్కిచ్చి మమ్మల్నే దొంగలంటారా?" అని అందులో పెద్దవాడు మండిపడెను. నేను క్షమాపణ చెప్పుకొంటిని. కుర్రవాండ్రు తలలు వంచుకొనిరి. వారిలో నలుగురి తండ్రులు అదే వృత్తివారు.

ఆ సాయంకాలము వారితో నేను నా తప్పును చెప్పితిని. మీతోను చెప్పెదను. 2011లో మా ఓడ ఒమాను తీరమునకు కొంతదూరమున పోవుచుండెను. ఉదయము నాలుగు మొదలు ఎనిమిది గంటలవరకు కావలి నాది. ఓడపై తుపాకులు గల కాపలాదారు లుండిరి. అయిదున్నర గంటలవేళ నేను పుస్తకములో లెక్కలు వ్రాయుచు తల వంచి, అయిదారు నిమిషములు తల యెత్తనైతిని. ఎత్తునప్పటికి రెండు పడవలు ఒకటిన్నర మైలు దూరమున మాకు అడ్డముగా దూసుకొని వచ్చుచుండినవి. నేను గంట మ్రోగించితిని. నిద్రలోనున్న నావికులు లోపలి సురక్షితమైన గదికి పరుగెత్తిరి; ఒక చిన్నవాడు మెట్లమీద జారి చేయి విరుగగొట్టుకొనెను. కాపలాదారుడు తుపాకి చేతబట్టి రెక్కమీదికి వచ్చెను.

నేను దుర్భిణి కంటికి పెట్టుకొంటిని. చేతులు వణకుటచే మొదట నేమియు నిలువలేదు. తరువాత ఒక ముసలివాడు కనబడెను. తలకు చుట్టిన గుడ్డను విప్పి, దానిని మావైపు ఊపుట లేదు. మా ముందున్న నీటివైపు చూపుచు ఊపుచుండెను. నాకు సూర్యలంక జ్ఞప్తికి వచ్చినది. పెద్ద మరబోటు వలవైపు వచ్చినపుడు మా తీరమువారు తువ్వాలు నెట్లూపుదురో అట్లే. నీటిమీద చూచితిని, వలబెండ్లు వరుసగా తేలుచుండినవి. "వల! వల!" అని తెలుగుననే అరచితినట, తరువాత తోటివారు చెప్పిరి. కాపలాదారుని చేయి పట్టుకొని ఆపి, చుక్కాని మరల్పించితిని. ముసలివాడు గుడ్డను తలకు చుట్టుకొని మరలిపోయెను.

అందరును నన్ను మెచ్చుకొనిరి. కాని నా తప్పు నాకు తెలియును. నేను తల వంచని యెడల ఆ పడవలు నాలుగైదు మైళ్ళ దూరముననే కనబడియుండును. అందు వలలున్నవా, నిచ్చెనలున్నవా యని చూచుటకు తీరిక యుండెడిది. చేపలు పట్టుపడవలో వలలు, బెండ్లు, మంచుపెట్టెలు ఉండును. దొంగపడవలో కొక్కెముల నిచ్చెనలు, మితిమీరిన మనుష్యులు, నూనెపీపాలు ఉండును; వల యుండదు. వేరుపరచుట కష్టము కాదు, దూరమునుండి చూచినచో. దగ్గరకు వచ్చిన పిమ్మట చూచినవానికి ప్రతి పడవయు దొంగపడవయే. ఆలస్యముగా చూచువాడు తప్పుగా చూచును. నా ఇరువదియారేండ్ల కొలువులో నేను నేర్చినది ఈ యొక్కమాట.

నాకు ఆ ముసలివాని రూపమున అదృష్టము కలిసివచ్చినది. అందరకును అట్లు రాలేదు. 2012 ఫిబ్రవరి 15వ తేదీన కేరళ తీరమునకు ఇరువది మైళ్ళ దూరమున, 'ఎన్రికా లెక్సీ' అను ఇటలీ నూనెఓడమీది సైనికులు, 'సెయింట్ ఆంటొనీ' అను చేపలబోటును దొంగపడవ యని తలంచి కాల్చిరి. ఇద్దరు జాలరులు అచ్చటనే మరణించిరి. ఆ వ్యాజ్యము దేశదేశముల న్యాయస్థానములు తిరిగి, పదికోట్ల రూపాయల పరిహారముతో 2021లో మన సుప్రీంకోర్టునందు ముగిసినది. ఆ యిద్దరును తమ తీరమున, తమ వృత్తిలో నున్నవారు. భయపడినవాని చేతిలో తుపాకి యున్నపుడు దొంగకంటె ముందుగా నిరపరాధి కూలును. యాట్‌లపై తుపాకులు ఉంచుకొనవలదని అనుభవజ్ఞులు చెప్పుటకు కారణము ఇదియొకటి. తుపాకి చూచిన దొంగ మరింత క్రూరుడగుట వేరొకటి.

జాలరులకు ఈ బాధ రెండువైపులను గలదు. 2008 నవంబరులో బొంబాయిమీద దాడి చేసినవారు 'కుబేర్' అను చేపలబోటును పట్టుకొని, అందలి సరంగును చంపి, దానిమీదనే వచ్చిరి. అప్పటినుండి చేపలబోటు సముద్రముమీద రక్షణ కోరదగినదియు, అనుమానింపదగినదియు కూడ ఐనది. గుర్తింపుకార్డు వెంటనుంచుకొనుట, పడవమీద సంఖ్య చక్కగా కనబడునట్లు వ్రాయించుకొనుట చిన్నపనులని మన పల్లెవారు అశ్రద్ధ చేయరాదు. దూరమునుండి చూచువానికి అవియే మన మాటలు. పెద్ద ఓడను హెచ్చరింపవలసివచ్చినపుడు సూటిగా దానిమీదికి పోక, ప్రక్కగా నిలిచి, వలవైపు చూపుడు. కావలివాడు నా వంటివాడు కావచ్చును. వాని చేతులు వణకుచుండవచ్చును.

అంతయు చేసియు దొంగ పైకెక్కినచో నేమి చేయవలెనని కుర్రవాండ్రు అడుగుదురు. పెద్ద ఓడలవారు లోపలి గదిలో చేరి తలుపు బిగించుకొందురు. 2024 జనవరిలో 'లీలా నార్‌ఫోక్' అను ఓడమీది 21 మంది నావికులు, అందు 15 మంది మనదేశీయులు, అట్లే చేసిరి. మన నౌకాదళమువారు వచ్చి వారినందరిని క్షేమముగా వెలికి తెచ్చిరి. ఆ గదికి ఒకటే నియమము: అందరును లోపల నుండవలెను. ఒక్కడు వెలుపల చిక్కినను తలుపు తెరువక తప్పదు. యాట్‌కు అట్టి గది లేదు. కాబట్టి ఎదిరింపరాదు. చేతులు కనబడునట్లుంచి, మెల్లగా కదలి, అందరును ఒకచోట నుండవలెను. యుద్ధనౌకవారు విడిపింప వచ్చినపుడు లేచి పరుగెత్తక నేలమీద పరుండవలెను. ఏలయన వారికిని దొంగ యెవడో, బందీ యెవడో ఆ క్షణమున తెలియవలసియున్నది. ఇచ్చటను అదే పాఠము.

సూర్యలంకకు నైరుతిగా, ఇదే తీరమున, మోటుపల్లి యున్నది. నేడది చిన్న గ్రామము. కాకతీయుల కాలమున గొప్ప రేవు. అచ్చటి వీరభద్రాలయమున గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున వేయించిన స్తంభశాసనము కలదు. పూర్వరాజులు, తుపానున చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకులన్నియు బలవంతముగా లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము నిర్ణయించిన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడుచుచున్నాననియు ఆ రాజు ప్రకటించెను. ప్రాణముకంటె ధనమునకు విలువనిచ్చి సముద్రమున సాహసించువారిపై దయచే నిట్లు చేయుచున్నానని దాని భావము. దానికి అభయశాసనమని పేరు. విరిగిన ఓడను దోచుటయు దొంగతనమే యని, ఒడ్డున నున్నవానికిని ధర్మము గలదని, ఎనిమిదివందల యేండ్లక్రిందట మన తీరమున రాతిమీద వ్రాసిరి. ఆ రాజు చూపునకు ఒడ్డుననున్నది సొమ్ము కాదు, ఆపదలోని మనిషి.

మా కుర్రవాండ్రను ఈ వేసవిలో నొకసారి మోటుపల్లికి తీసికొనిపోయితిని. ఆ వల యజమానిచేత తిట్లుతిన్నవాడు స్తంభముచుట్టు రెండుసార్లు తిరిగి, "దీన్లో దొంగల్నించి తప్పిచ్చుకోటం ఎక్కడుంది సార్?" అని యడిగెను. మంచి ప్రశ్నయే. నేనిచ్చిన జవాబిది: దొంగనుండి తప్పించుకొనుట నీ ప్రాణముకొరకు. దొంగ కానివానిని దొంగ యనుకొనకుండుట వాని ప్రాణముకొరకు. రెండింటికిని కావలసినది ఒకటే, ముందుగా చూచుట. ఒకటి నేర్చి రెండవది విడిచినవానిని నేను ఓడకు పంపను.

ఈ ప్రసంగమును వినుచున్న తల్లిదండ్రులకు రెండు మాటలు. కుమారుడు ఓడకో యాట్‌కో పోవుచున్నాడన్నచో జీతమెంతయని యడుగుటతోబాటు, ఏ దారిని పోవునో, కావలి కెందరుందురో, ఆపదయం దెవరికి తెలియజేయుదురో అడుగుడు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని దళారి యిచ్చు కొలువు వలదు. మన తీరపు జాలరులు, సముద్రముమీద ఆపద గాని, అనుమానింపదగిన పడవ గాని కనబడినచో కోస్టుగార్డువారికి 1554 అను సంఖ్యకును, తీరరక్షణ పోలీసువారికి 1093 అను సంఖ్యకును తెలియజేయవచ్చును. చెప్పునపుడు నాలుగు మాటలు మరువకుడు: పేరు, చోటు, ఎందరము, ఏమి చూచితిమి.

మా తాత ఇంకను మాకు దొంగగనే యున్నాడు. నాల్గవనాడు కుర్రవాండ్రు ఆయనను రెండు మైళ్ళ దూరముననే ఆనవాలుపట్టిరి. ఎండలోనుండియే వచ్చినను పట్టిరి. ఎట్లు పట్టితిరని యడుగగా, "వల లేదు తాతా నీ పడవలో" అనిరి. ఆయన సంతోషించి, పడవను వెనుకకు త్రిప్పుకొని, ఆలస్యమైనదని వల తెచ్చుకొనుటకు ఒడ్డునకు పోయెను.